సిగ్నల్ ఉంటుంది, కాల్ వెళ్ళదు

టెలిఫోన్ శాఖలో ఇంజనీరుగా పనిచేశానంటే, రోజంతా జనం మాటలు వింటూ కూర్చున్నాననుకుంటారు చాలామంది. స్విచ్ రూమ్‌లో మనిషి గొంతన్నదే వినపడదు. ఇనుప బీరువాల్లా వరసగా నిలబడ్డ యంత్రాలు, వాటిని చల్లగా ఉంచే ఏసీల హోరు, తెర మీద అంకెలు. వెళ్ళిన కాల్స్ ఇన్ని, వెళ్ళనివి ఇన్ని. విశాఖపట్నంలో నా ఉద్యోగమంతా ఆ రెండో అంకెను చూడడంలోనే గడిచింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లూ బదిలీలూ మీకెందుకూ పనికిరావు. ఆపదలో ఆదుకునేవాళ్ళకు ఫోన్ ముందుగా దొరికేలా చూడడం నా బాధ్యతల్లో ఒకటి. మిగతావన్నీ మరిచిపోతున్నాను గానీ, అది మాత్రం నన్ను వదలడం లేదు.

మసి వదలని మనిషి

హార్బర్ వైపు ఒక నూనె ట్యాంకుల యార్డు అంటుకున్న రోజు నేను డ్యూటీలో ఉన్నాను. భోజనాల వేళ. మా కిటికీలోంచి కూడా పొగ కనపడింది. ఆ చుట్టుపక్కల టవర్ల అంకెలు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ఊళ్ళో ప్రతివాళ్ళూ తమవాళ్ళకు ఫోన్ చేసి "ఎక్కడున్నావు, బాగానే ఉన్నావా" అని అడుగుతున్నారు. అడగరా మరి?

మర్నాడు ఉదయం ఖాకీ చొక్కాతో ఒకాయన మా గదికి వచ్చారు. చెవుల వెనక ఇంకా మసి ఉంది. ఫైర్ స్టేషన్ ఆఫీసర్ అప్పలనాయుడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఫోన్లు కలిపీది మీరేనా మేడమ్?"

"అవునండీ."

"నాను ట్యాంకు కాడ నిలబడి నురగ బండి పంపండని ఫోన్ సేత్తంటే, లైన్లన్నీ బిజీ అంటాది మీ రికార్డు పిల్ల. మా వాకీటాకీలు మా బళ్ళకే పలుకుతాయి. నురగ బండేమో పక్క ఫ్యాక్టరీ వోళ్ళది. ఆళ్ళకి ఫోనొక్కటే దారి. ఆకరికి మా వోణ్ణి మోటార్‌సైకిల్ మీద తోలినాను. ఆడెళ్ళి తెచ్చేలోగా రెండో ట్యాంకు అంటుకున్నాది."

"ఎవరికైనా ఏమన్నా..."

"ఇద్దరికి సేతులు కాలినాయి. బతుకుతారు." అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఊరంతా ఫోన్లో మంట గురించే మాటాడినారు మేడమ్. ఆర్పీవోడికి తప్ప అందరికీ లైన్ దొరికింది."

కొన్ని నంబర్లకు ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు మా యంత్రాల్లో మొదటినుంచీ ఉంది. ఎవరూ అడగలేదు గనుక ఎవరూ వాడలేదు. ఒక టవరు ఒకేసారి కొన్ని మాటలనే మోయగలదు. నిండాక వచ్చినవాళ్ళకు బిజీ వస్తుంది. ప్రాధాన్యం ఉన్న నంబరైతే బిజీ అని తిప్పిపంపకుండా నిలబెడుతుంది. ఎవరిదో మాట ముగిసి చోటు ఖాళీ కాగానే ముందు దాన్నే ఎక్కిస్తుంది. మాట్లాడుతున్నవాళ్ళను మాత్రం మధ్యలో దించదు. ఆ నెలలోనే ఫైర్ స్టేషన్లకూ, అంబులెన్సులకూ, పోర్టు కంట్రోల్ రూమ్‌కూ, కలెక్టరు ఆఫీసులో తుఫాను పనులు చూసేవాళ్ళకూ దాన్ని పెట్టించాను.

పెద్దవాళ్ళ నంబర్లు

ఈ సంగతి బయటికి పొక్కిందో లేదో, మా జనరల్ మేనేజర్ గారి బల్ల మీదికి సిఫార్సులు రావడం మొదలైంది. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరికీ లేదనలేడు, అదొక్కటే ఆయన జబ్బు.

"ఈయన ఫలానా నాయకుడి బావమరిదమ్మా. నంబరు పెట్టెయ్యండి."

"సార్, ట్యాంకు పేలితే ఈయన గొట్టం పట్టుకుంటారా?"

నవ్వారు. నవ్వి, పెట్టెయ్యమన్నారు. పెట్టాను. ఆయన తర్వాత ఇంకొకరు, ఆ ఇంకొకరి కార్యదర్శి. అందరూ ముందువాళ్ళే అయితే వెనక నిలబడేదెవరు?

పై అధికారితో పోట్లాడి గెలవడం నాకు చేతకాదు. అందుకని ఒక నియమం తెచ్చాను. ప్రాధాన్యం ఉన్న ప్రతి నంబరుకూ నెలకోసారి మా గది నుంచి పరీక్ష కాల్ వెళ్తుంది. ఫోన్ ఎత్తి, తన పేరూ, ఆపద వస్తే తాను చేయాల్సిన పనీ చెప్పాలి. అప్పలనాయుడి లాంటివాళ్ళు మొదటి రింగుకే ఎత్తేవారు. బావమరిది గారు మూడో నెల నా మీద అరిచారు. "ఏం పని చెప్పమంటారండీ? నాకేం పనుంది?" అన్నారు. అదే మాట కాగితం మీద రాసి పంపండి, మీ నంబరు తీసేస్తానన్నాను. పంపారు. ఏడాది తిరిగేసరికి పని ఉన్నవాళ్ళు మాత్రమే మిగిలారు.

ఇది చదివి నన్ను తెలివైనదాన్ననుకోకండి. చెయ్యననే మాట మొహం మీద చెప్పలేక వెతుక్కున్న దారి అది. మీకు చెప్పే ధైర్యం ఉంటే చెప్పండి, ఏడాది కలిసొస్తుంది.

కొండ కింద ఆగిపోయిన జనం

ఒక తుఫాను దాటిన మర్నాడు. నగరంలో టవర్లు సగానికిపైగా నేలకొరిగాయి, నిలబడ్డవాటిలో చాలావాటికి కరెంటు లేదు. నాతోపాటు డ్యూటీలో ఉండాల్సినవాళ్ళ ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. వెళ్ళమని నేనే పంపేశాను. నాకు సంసారం లేదు. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. అలాంటి మనిషి ఆఫీసులో ఉండడమే న్యాయమని అందరూ అనుకునేవారు, నేనూ అనుకునేదాన్ని.

గాజువాక వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కింది అంతస్తులోకి నీళ్ళొచ్చాయి. జనరేటరు మునిగింది. పై అంతస్తులో ఊపిరి యంత్రాల మీద రోగులున్నారు. అప్పలనాయుడి మనుషులు వాళ్ళను దించి వేరే ఆసుపత్రులకు తరలించాలి. ఏ దారిలో చెట్లు పడ్డాయో, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందో, అంబులెన్సు ఎక్కడ ఆగిపోయిందో అన్నీ ఫోన్ మీదే తెలియాలి. ఆ ప్రాంతానికంతా బతికున్న టవరు ఒక్కటే.

పోలీసు వైర్‌లెస్ ద్వారా నాకు కబురొచ్చింది. అప్పలనాయుడి ఫోన్ కలవడం లేదట.

ప్రాధాన్యం ఉన్న నంబరు ఎందుకు కలవలేదో చెప్పాలి. చందనోత్సవం నాడు సింహాచలంలో మీ దగ్గర ప్రత్యేక దర్శనం టికెట్టు ఉందనుకోండి. గుడి దగ్గరికి చేరితే ఆ టికెట్టు పనిచేస్తుంది. జనం కొండ కిందే కిక్కిరిసిపోయి మీరు మొదటి మెట్టే ఎక్కలేకపోతే టికెట్టేం చేస్తుంది? ఆ రోజు అదే జరిగింది. ఆ టవరు కింద ఉన్న ప్రతి ఫోనూ ఆగకుండా తలుపు కొడుతోంది. నాయుడి ఫోన్ కొట్టే తలుపు చప్పుడు లోపలికి వినపడటమే లేదు.

దీనికి ఒకటే మందు. మామూలు ఫోన్లేవీ తలుపే కొట్టవద్దని టవరు చేత చెప్పించవచ్చు. అత్యవసర నంబరు 112కు తప్ప ఇంకే కాలూ వాటి నుంచి బయలుదేరదు. సిగ్నల్ మాత్రం నిండుగా చూపిస్తుంది. దానికి మా జనరల్ మేనేజర్ గారి అనుమతి కావాలి. ఆయన హైదరాబాదు మీటింగులో చిక్కుకున్నారు, దొరకలేదు.

పెద్దగా ఆలోచించలేదు. టవరుకు ఆదేశంగా ఒక వరస టైపు చేసి ఎంటర్ నొక్కాను.

కాసేపట్లో ఆ టవరు అంకెలు ఎరుపు నుంచి పచ్చలోకి మారాయి. వెళ్ళని కాల్స్ దాదాపు సున్నా. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆపేసిన కాల్ మీ దాకా రాదు, కాబట్టి విఫలమైనట్టు కూడా లెక్కకు రాదు. బయట వేలమంది ఫోన్లు చెవిన పెట్టుకుని నిలబడి ఉంటారు, మీ తెర మీద మాత్రం అంతా చల్లగా ఉంటుంది. అంత పచ్చటి తెర నేను అర్ధరాత్రి పూట కూడా చూడలేదు.

మధ్యాహ్నం దాటాక నాయుడు ఫోన్ చేశారు. గొంతు బొంగురుపోయింది.

"మేడమ్, అందర్నీ దింపీసినాం. ఒక్క పేణం పోలేదు. ఇంక తెరిసీండి."

తెరిచాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. గదిలో ఏసీలు తప్ప ఎవరూ లేరు.

నాలుగు గీతలు

వారం గడిచాక కింద కౌంటరు నుంచి ఒకతన్ని నా దగ్గరికి పంపారు. పోర్టులో కాంట్రాక్టు పని, పేరు సన్యాసిరావు. మాసిన గడ్డం, కాళ్ళకు చెప్పుల్లేవు. చిన్న పాత ఫోన్ నా బల్ల మీద పెట్టాడు.

"ఇందులో లోపమేటో సూసి సెప్పండి మేడమ్. కింద పిల్ల ఏటీ లేదంటాది."

చూశాను. ఏమీ లేదు.

"బాగానే ఉంది కదా. ఏమైంది?"

"తుపాను మర్నాడు మా నాన్నకి గుండెలో నొప్పొచ్చింది. పక్క కాలనీలో మా బావకి ఆటో ఉన్నాది. ఆడికి ఫోన్ సేసినాను. కలవనేదు. మల్లీ సేసినాను. నాలుగు గీతలున్నాయి మేడమ్, సూత్తన్నాను కదా, నాలుగు. సిగ్నల్ ఉన్నాది గదా, ఇదిగో కలుత్తాది, ఇదిగో కలుత్తాదని సేత్తానే ఉన్నాను. మా నాన్న నా ఒళ్ళోనే..." ఫోన్ని వేలితో తిప్పాడు. "మా ఆవిడి ఎప్పట్నించో కొత్త ఫోన్ కొనమంటాది. కొననేదు నాను. కొనుంటే మా నాన్న ఉండీవోడు."

ఏ కాలనీ అని అడిగాను. చెప్పాడు. అది ఆ టవరు కిందిదే.

నేను నోరు మూసుకుని ఉంటే అతను వెళ్ళిపోయేవాడు. ఆ ఫోన్ని ఎక్కడో పారేసి, తండ్రి చావును మాత్రం జన్మంతా తన నెత్తిన మోసేవాడు.

"నీ ఫోన్లో లోపం లేదు సన్యాసిరావు. ఆ పూట మీ టవరుకు కాల్స్ ఆపించింది నేను."

అర్థం కానట్టు చూశాడు. ఆసుపత్రి సంగతి, రోగుల సంగతి, నాయుడి ఫోన్ కలవని సంగతి అంతా చెప్పాను.

"ఆళ్ళందరూ బతికినారా?"

"బతికారు."

"మంచిదే. ఆళ్ళని లెక్కెట్టినారు. మరి మా నాన్నని ఎవులు లెక్కెట్టినారు మేడమ్?"

ఎవరూ లెక్కపెట్టలేదని చెప్పాను.

ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"అయితే ఫోన్ మంచిదేనన్నమాట."

ఈ సంగతి తెలిసి జనరల్ మేనేజర్ గారు నన్ను పిలిచారు. ఆయనకు కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది.

"ఎందుకు చెప్పారమ్మా? పాత ఫోను, బ్యాటరీ సరిగా లేదంటే సరిపోయేది. పోనీ 112 కొట్టి ఉంటే వెళ్ళేది కదా, అతను కొట్టలేదు. ఆ మాటైనా అనాల్సింది."

ఆయన అన్నది అబద్ధం కాదు. 112 కొడితే నిజంగానే వెళ్ళేది. కానీ తండ్రి ఒళ్ళో ఒరిగిపోతుంటే మనిషి ముందు బావకే ఫోన్ చేస్తాడు. నెట్‌వర్కులు నడిపేవాళ్ళం మనం ఈ ఒక్క విషయాన్ని లెక్కలోకి తీసుకోం. ఎవరికి ఫోన్ చేయాలో అతనికి తెలియలేదనడానికి నాకు నోరు రాలేదు. నేను ఆ రోజు చేసింది సరైన పనేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. సరైన పని చేసినవాళ్ళకు నిద్ర పడుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

సబ్బవరంలో పెద్దకర్మ

సన్యాసిరావు వాళ్ళ సొంతూరు సబ్బవరం పక్కన. పెద్దకర్మ రోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. షామియానా కింద జనం భోజనాలు చేస్తున్నారు. సన్యాసిరావు గుండుతో విస్తళ్ళు వేస్తున్నాడు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వేసుకుంటూ నా దాకా వచ్చి నాకూ ఒకటి వేశాడు.

వాళ్ళమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

"నువ్వెవులమ్మా? ఆయనకేటవుతావు?"

నేను నోరు తెరిచేలోపే సన్యాసిరావు అందుకున్నాడు.

"మా ఆపీసు మేడమ్, అమ్మా."

"అంత దూరం నించొచ్చినావా తల్లీ! పప్పు ఎయ్యరా, సూత్తావేటి?" అంది ఆమె.

తిన్నాను.

బస్సు దాకా అతను నాతో నడిచాడు.

"అమ్మకి సెప్పనేదు. సెప్పినా అరదం కాదు. నాకే సగం అరదమయింది." తర్వాత అడిగాడు. "మల్లీ తుపానొత్తే మల్లీ ఆపుతారా?"

"ఆపుతాను."

దానికి కోప్పడతాడనుకున్నాను. తలూపాడు.

"ఆపితే ఆపండి. ముందు మాకు సెప్పండి మేడమ్. ఫోన్ పలకదని తెలిస్తే మంచం మీదేసుకుని నడిసీవోళ్ళం. నలుగురం ఉన్నాం. ఆసుపత్రి అంత దూరమేం కాదు. ఆ గీతలు సూసి కూకుండిపోనాను."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. అతను చెయ్యెత్తలేదు, వెళ్ళిపోనూ లేదు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.

నా సర్వీసులో ఏదైనా గట్టిగా పట్టుబట్టి చేయించానంటే, ఆ తర్వాత చేయించినదే. టవరును ఆపే ముందు ఆ ప్రాంతంలో పోలీసు జీపు మైకులో చెప్పాలి. ఫోన్ కలవదు, ఆపద ఉంటే 112 కొట్టండి, మనిషికి బాగోకపోతే ఫోన్ కోసం ఆగకుండా బయలుదేరండి, అని. రెండోది, అందర్నీ ఒకేసారి ఆపకూడదు. ప్రతి సిమ్మునూ యంత్రం పది గుంపుల్లో ఏదో ఒకదానిలో వేసి ఉంచుతుంది. వాటిని వంతులవారీగా ఆపుతూ, వదులుతూ పోవచ్చు. ఒక ఇంట్లో ఒక ఫోన్ పలక్కపోయినా ఇంకొకటి పలికే అవకాశం ఉంటుంది. చేతితో చేసే పని ఇది, ఆ కాసేపు కుర్చీలోంచి లేవడానికి ఉండదు. లేవకండి.

ఈ రెండింటినీ మొదట ఒప్పుకున్నది మా జనరల్ మేనేజర్ గారే. ఎవరికీ లేదనలేని ఆయన జబ్బు ఆ ఒక్కసారి నాకు పనికొచ్చింది.

దువ్వాడలో

రిటైరయిన రోజు సాయంత్రం నా నంబరుకున్న ప్రాధాన్యం తీసేశారు. తీసెయ్యాల్సిందే. ఆ పద్ధతి పెట్టింది నేనే. దువ్వాడ స్టేషనుకు దగ్గర్లో చిన్న ఫ్లాటు కొనుక్కున్నాను. రైళ్ళ చప్పుడు ఉంటుందని అందరూ వద్దన్న ఫ్లాటు అది. ఆ చప్పుడు కోసమే తీసుకున్నాను.

మొన్నటి తుఫాను పగటి పూటే వచ్చింది. గాలి తగ్గాక ఎవరో తలుపు కొట్టారు. ఎదురు ఫ్లాటు రమణమ్మ. భర్త పోర్టులో క్రేను నడుపుతాడు. ఎదురెదురు గుమ్మాలే గానీ, అన్నాళ్ళలో మేము నవ్వుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు.

"అమ్మగారూ, మీ ఫోన్ పలుకుతందేటి? మాయన పొద్దుననగా ఎల్లినాడు. నాది కలవట్లేదు. సిగ్నలేమో ఫుల్లుగా ఉన్నాది."

నా ఫోన్ చూశాను. సిగ్నల్ నిండుగా ఉంది. కాల్ వెళ్ళడం లేదు. ఎవరో ఎక్కడో ఒక వరస టైపు చేశారని అర్థమైంది. ఏదో ఆసుపత్రో, ఏదో వరదో ఉండి ఉంటుంది, వంతులు వేసే తీరిక దొరికినట్టు లేదు. మా వీధిలోకి జీపు వచ్చే దారి లేదు, రోడ్డుకడ్డంగా చెట్టు పడి ఉంది.

రమణమ్మను లోపల కూర్చోబెట్టాను. ఆవిడ వేలు ఆగలేదు. కొట్టడం, చెవిన పెట్టుకోవడం, చూసుకోవడం, మళ్ళీ కొట్టడం. ఆపమ్మా, ఇప్పుడు వెళ్ళవు, అందరూ ఇలా కొట్టడం వల్లే కష్టమవుతుందన్నది ఉద్యోగమంతా నేను జనానికి చెబుతూ వచ్చిన మాట. అది నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి అనలేకపోయాను.

"ఇలా ఇవ్వమ్మా. వేలు నొప్పి పుడుతుంది. కాసేపు నేను కొడతాను."

ఇచ్చింది. వెళ్ళదని తెలిసి తెలిసి కొట్టాను. మళ్ళీ కొట్టాను. నేను కొడుతున్నంతసేపూ ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. అంత దగ్గరగా నా పక్కన ఒక మనిషి కూర్చుని ఎన్నాళ్ళైందో గుర్తు రాలేదు.

చీకటి పడకముందే ఆయన వచ్చాడు. ఒక లారీ పట్టుకుని సగం దారి, నడిచి సగం దారి. తడిసి ముద్దైపోయి ఉన్నాడు. "ఏటే, ఫోన్ సేసినావా? నాకొక్కటీ రానేదు" అంటూ చెప్పులు విప్పాడు. రమణమ్మ ఏడుస్తూ, తిడుతూ అతన్ని లోపలికి తీసుకుపోయింది. వాళ్ళ తలుపు మూసుకుంది. నేను మా ఇంట్లోకి వచ్చాను.

కాసేపటికి లైన్లు వదిలారు. ఊళ్ళో అందరూ ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తూ ఉంటారు ఆ వేళప్పుడు. నేను ఎవరికి చేయాలా అని ఆలోచించాను. చివరికి స్విచ్ రూమ్ నంబరు కొట్టాను. నేను ఎప్పుడూ చూడని కొత్త ఇంజనీరు ఎత్తింది. చిన్నపిల్ల గొంతు. వెనక ఏసీల హోరు. నేనెవరో చెప్పాను.

"చెప్పండి మేడమ్. మీ ఏరియాలో ఏమైనా కంప్లెయింటా?"

"కంప్లెయింటేం లేదమ్మా. ఒక్కదానివే ఉన్నావా?"

"ఒక్కదాన్నే మేడమ్. మిగతావాళ్ళు రాలేకపోయారు."

"అన్నం తిన్నావా?"

అవతల కీబోర్డు మీద వేళ్ళ చప్పుడు ఆగింది. లైన్ పోలేదు. ఊపిరి వినపడుతూనే ఉంది.

"లేదు మేడమ్" అంది ఆ పిల్ల.